నగరాలు వదిలేసిన వేణువు

దేశాలు దాటిన పాటలు: 9వ భాగం

1831లో మ్యూనిక్ నుంచి లండన్ వచ్చిన థియోబాల్డ్ బోహ్మ్ అక్కడ చార్ల్స్ నికల్సన్ ఫ్లూట్ విని కలవరపడ్డాడు. బోహ్మ్ సామాన్యుడేం కాదు. ఆస్థాన విద్వాంసుడు, కంసాలి పని నేర్చినవాడు, సొంత పనిశాలలో ఫ్లూట్లు చేయించేవాడు. యూరప్‌లో ఎవరికీ తీసిపోనన్న నమ్మకంతో వచ్చాడు. కానీ నికల్సన్ నాదం గదిని నింపేసింది. తన వాద్యంలోంచి అంత నిండు శబ్దం రాదని బోహ్మ్‌కు అక్కడే అర్థమైంది.

నికల్సన్‌ది లివర్‌పూల్. తండ్రీ ఫ్లూట్ వాద్యకారుడే. తండ్రి మొదలుపెట్టిన మార్పును కొడుకు పూర్తి చేశాడు. కర్ర ఫ్లూట్‌కు వేలి రంధ్రాలను మామూలుకన్నా బాగా పెద్దవి చేయించాడు. రంధ్రం పెద్దదైతే గాలి ధారాళంగా బయటికి వస్తుంది, స్వరం గట్టిగా మోగుతుంది. అయితే అందరి వేళ్లూ వాటిని మూయలేవు. నికల్సన్ వేళ్లు మూయగలిగాయి. ఆ ఫ్లూట్లకు లండన్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, తయారీదార్లు అతని పేరు చెక్కి మరీ అమ్మారు.

బోహ్మ్ ఊరికి తిరిగి వెళ్లి కొత్త ఫ్లూట్ మీద పనిచేయడం మొదలుపెట్టాడు. వేళ్లకు అందినా అందకపోయినా, శబ్దశాస్త్రం ఎక్కడ రంధ్రం కోరుతుందో అక్కడే పెట్టాలని నిశ్చయించుకున్నాడు. అందని రంధ్రాలను మూయడానికి సన్నని ఇనుప ఇరుసులు, మీటలు అమర్చాడు. 1832లో ఒక నమూనా, 1847లో పూర్తిగా లోహంతో, నిలువునా ఒకే వెడల్పున్న గొట్టంతో మరొకటి తెచ్చాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో దానికి పతకం వచ్చింది. నికల్సన్‌ను వినకపోయి ఉంటే బహుశా తన ఫ్లూట్ పుట్టేదే కాదని ముసలితనంలో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఈ రోజు ఆర్కెస్ట్రాల్లో మెరిసే వెండి ఫ్లూట్ అదే.

అక్కడినుంచి పాత కర్ర ఫ్లూట్లకు చెడ్డరోజులు వచ్చాయి. మార్పు ఒక్కరోజులో జరగలేదు. ఇంగ్లండులో పాత పద్ధతిని పట్టుకుని చాలాకాలం వేలాడినవాళ్లున్నారు. అయినా ఒక్కొక్క విద్వాంసుడూ కొత్తది కొనుక్కుంటూ పాతదాన్ని వదిలించుకున్నాడు. రూడల్ అండ్ రోజ్ లాంటి పేరున్న లండన్ సంస్థలు జమైకా, క్యూబాల నుంచి వచ్చిన కోకస్ కర్రతో, వెండి మీటలతో అపురూపంగా చేసిన వాద్యాలు తాకట్టు కొట్లలోకి, పాత సామాన్ల అంగళ్లలోకి చేరాయి. వాటితోపాటు జర్మనీ నుంచి కట్టలు కట్టలుగా వచ్చిన చవక కర్ర ఫ్లూట్లూ ఉన్నాయి. వీటిలో ఎన్నో ఐర్లండ్ పల్లెలకు చేరాయి.

అంతకుముందు ఐర్లండ్‌లో ఫ్లూట్ లేదని కాదు. కానీ అది చదువుకున్నవాళ్ల చేతిలో, దొరల ఇళ్లలో ఉండేది. ఐరిష్ రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1755లో యూరప్ అంతా కాలినడకన తిరుగుతూ, దారిలో రైతుల ఇళ్ల దగ్గర ఫ్లూట్ వాయించి రాత్రికి తిండీ పడకా సంపాదించుకున్నాడని చెబుతారు. 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవలలో పాదిరీ పెద్దకొడుకు చేత కూడా అదే పని చేయించాడు. ఆ నవల స్ఫూర్తితోనే కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రాశారు. గోల్డ్‌స్మిత్ పెరిగిన ఐర్లండ్ మధ్యభూములకు ఆనుకుని ఉన్న రాస్‌కామన్, లీట్రిమ్, స్లైగో ప్రాంతాలే తర్వాత ఫ్లూట్‌కు పుట్టిల్లయ్యాయి.

గత భాగంలో ఇలన్ పైపుల గురించి చెప్పుకున్నాం. మోచేతి కింద తిత్తి నొక్కుతూ వాయించే ఆ వాద్యం ఖరీదైనది, పెంకిది. రెల్లు పుల్లలు వాతావరణం మారితే అపశ్రుతి పలుకుతాయి. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయి, అంతకు మించిన సంఖ్యలో దేశం విడిచిపోయినప్పుడు పైపుల విద్వాంసులను పోషించే ఊళ్లే లేకుండా పోయాయి. మిగిలిన జనం డాన్సు మానలేదు. ఫిడిల్ ఉంది. దాని పక్కన ఇప్పుడు కారుచవకగా దొరికిన ఫ్లూట్ వచ్చి కూర్చుంది. పుల్లలు లేవు, తంత్రులు లేవు, తెగిపోయేదేమీ లేదు. పొలం పని ముగించుకొచ్చిన మనిషి గోడకున్న ఫ్లూట్ తీసి పెదవికి ఆనించుకుంటే చాలు.

ఆ వాద్యంలో పాత యజమానులు లోపమనుకున్నవే ఈ కొత్త యజమానులకు సుగుణాలయ్యాయి. గొట్టం లోపల కింది కొసకు పోనుపోను సన్నబడుతుంది కాబట్టి మంద్రస్థాయిలో నాదం కొంచెం గరుగ్గా, పైపుల నాదాన్ని తలపించేలా పలుకుతుంది. ఆరు రంధ్రాల మీద నేరుగా వేళ్లే ఆనుతాయి, మధ్యలో మీట అడ్డురాదు. అదనంగా ఉన్న ఎనిమిది మీటలతో అన్ని శ్రుతుల్లోనూ వాయించవచ్చు కానీ, ఐరిష్ డాన్సు పాటలు ఎక్కువగా డి, జి శ్రుతుల్లోనే ఉంటాయి. చాలామంది ఆ మీటలను జీవితంలో ముట్టుకోలేదు.

వేలు నేరుగా రంధ్రం మీద ఉండటం ఎందుకంత ముఖ్యమో కర్ణాటక వేణువు తెలిసిన మన పాఠకులకు వెంటనే అర్థమవుతుంది. గమకమంతా అక్కడే పుడుతుంది. ఐరిష్ వాద్యకారుడు స్వరాన్ని ఊపడు, జార్చడం అరుదు. స్వరాన్ని తుంచుతాడు. వాయిస్తున్న స్వరానికి పైనున్న వేలిని రెప్పపాటులో లేపి దించితే 'కట్'. కిందనున్న రంధ్రం మీద వేలితో ఒక్క దెబ్బ వేస్తే 'ట్యాప్'. ఒకే స్వరాన్ని పట్టుకుని ముందు కట్, తర్వాత ట్యాప్ వేస్తే అది 'రోల్'. స్వరం మారదు, కానీ మూడు ముక్కలై లయగా దొర్లుతుంది. అన్నిటికన్నా కింది స్వరానికి వచ్చేసరికి చిక్కు వస్తుంది. రంధ్రాలన్నీ మూసే ఉన్నాయి, దెబ్బ వేయడానికి కింద మరో రంధ్రం లేదు. అందుకని వేర్వేరు వేళ్లతో గబగబా రెండు మూడు కట్‌లు వేస్తారు. దాన్ని 'క్రాన్' అంటారు. అది పైపుల వాళ్ల సొత్తు. కరువులో పోయారనుకున్న పైపుల విద్వాంసుల విద్య ఈ రకంగా కర్ర ఫ్లూట్‌లోకి వచ్చి చేరింది.

ఇక ఊపిరి సంగతి. రీల్ అనే డాన్సు పాటకు ఎనిమిదేసి మాత్రాగణాల రెండు భాగాలుంటాయి. ఒక్కో భాగాన్నీ రెండుసార్లు, మొత్తాన్ని రెండు మూడు సార్లు వాయించి, ఆగకుండా ఇంకో రీల్‌లోకి దూకుతారు. ఫిడిల్‌కు ఊపిరి అక్కర్లేదు, తిత్తి ఉన్న పైపులకూ అక్కర్లేదు. పాటలన్నీ వాటికోసం కట్టినవి కాబట్టి విరామం అన్నదే ఉండదు. ఫ్లూట్ వాద్యకారుడు ఊపిరి పీల్చాలంటే ఒక స్వరాన్ని వదులుకోవాలి. ఏ స్వరాన్ని వదలాలన్నది ప్రతి మనిషీ ప్రతిసారీ తేల్చుకోవాల్సిందే. నిపుణుడి చేతిలో ఆ ఖాళీ కూడా తాళంలో దెబ్బలా పడుతుంది. లీట్రిమ్, రాస్‌కామన్ వాళ్లు ఊపిరిని విసురుగా, గొంతుతో తోస్తున్నట్టు వాడితే, తూర్పు గాల్వే వాళ్లు నిదానంగా, ఒక స్వరాన్ని ఇంకోదానికి అతికించుకుంటూ పోతారు. ఐరిష్ సంగీతానికి ఫ్లూట్ ఇచ్చిన అసలు కానుక ఈ ఊపిరే అని నేను గట్టిగా నమ్ముతాను. ఫిడిల్‌లో పాట నడుస్తుంది, పైపుల్లో మోగుతుంది. ఫ్లూట్‌లో మాత్రం వాయించే మనిషి ఒళ్లంతా వినిపిస్తుంది.

కరువు నడుస్తుండగానే 1848లో కార్క్ జిల్లా ట్రాలిబేన్‌లో పుట్టాడు ఫ్రాన్సిస్ ఓనీల్. ఇరుగుపొరుగున ఉన్న ఒక మోతుబరి దగ్గర ఫ్లూట్ నేర్చుకున్నాడు. పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి ఓడ ఎక్కాడు. పసిఫిక్ సముద్రంలో అతనెక్కిన మినెహాహా ఓడ బేకర్ దీవి దగ్గర పగిలిపోయింది. తిండీ నీళ్లూ లేని ఆ దిబ్బ మీద చిక్కుకున్నవాళ్లను జోయీ అనే చిన్న ఓడ కాపాడింది. ఎక్కించుకున్నారు కానీ అందరికీ సరిపడా ఆహారం లేదు. ఆ ఓడ పనివాళ్లు పసిఫిక్ ద్వీపవాసులు. వాళ్లలో ఒకతని దగ్గర ఫ్లూట్ కనిపిస్తే ఓనీల్ అడిగి తీసుకుని ఐరిష్ పాటలు వాయించాడు. ఆ మనిషి సంతోషించి తన వాటా తిండిలోంచి రోజూ ఇతనికి పెట్టాడు. హోనొలులూ చేరేసరికి మిగతావాళ్లలో చాలామంది ఆసుపత్రి పాలైతే తాను దిట్టంగా ఉన్నానని ఓనీల్ తర్వాత రాసుకున్నాడు.

అక్కడినుంచి కాలిఫోర్నియాలో గొర్రెలు కాశాడు, మిస్సూరిలో బడిపంతులుగా పనిచేశాడు, క్లేర్ జిల్లా అమ్మాయిని పెళ్లాడి చివరకు షికాగో చేరాడు. 1873లో పోలీసు ఉద్యోగంలో చేరాడు. చేరిన కొద్దికాలానికే ఒక దొంగ కాల్చిన తూటా వీపులో దిగింది. దాన్ని తీయడం కుదరక జీవితాంతం మోశాడు. 1901లో షికాగో నగర పోలీసు అధిపతి అయ్యాడు.

షికాగోలో అప్పటికి ఐర్లండ్‌లోని ప్రతి జిల్లా వాళ్లూ ఉన్నారు. స్వదేశంలో స్లైగో వాడికి కెర్రీ పాట వినే అవకాశం లేదు. ఇక్కడ ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారు. ఓనీల్ ఎక్కడ కొత్త పాట వినిపించినా వదిలేవాడు కాదు. పాటగాళ్లకు, వాద్యకారులకు పోలీసు ఉద్యోగాలు ఇప్పించాడన్న మాట అప్పుడే ఉంది, ఇప్పటికీ చెప్పుకుంటారు. తనకు విన్న పాట మనసులో అచ్చుపడేది కానీ స్వరలిపి రాయడం అంతగా రాదు. డౌన్ జిల్లా నుంచి వచ్చిన జేమ్స్ ఓనీల్ అనే ఫిడిల్ వాద్యకారుడు, పోలీసు సార్జెంటు, ఫ్రాన్సిస్ వాయించింది విని రాసేవాడు. ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు. 1903లో 1,850 పాటలతో 'మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్' వెలువడింది. 1907లో డాన్సు పాటలు మాత్రమే ఏరి 1,001తో మరో పుస్తకం వేశారు. వాద్యకారులు దాన్ని 'ది బుక్' అని మాత్రమే అంటారు. ఏ పుస్తకం అని ఎవరూ అడగరు.

ఈ రెండు పుస్తకాల మధ్య 1904లో ఓనీల్ దంపతులకు మిగిలిన ఒక్క కొడుకు రోజర్స్ చనిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో సంగీతం వినపడలేదు. పుస్తకాల పని మాత్రం ఆగలేదు. 1913లో వందలాది వాద్యకారుల జీవితాలతో 'ఐరిష్ మిన్‌స్ట్రల్స్ అండ్ మ్యుజీషియన్స్' వేశాడు. కొందరి గురించి మనకు తెలిసినదంతా అందులో ఉన్నదే. 1936లో షికాగోలోనే కన్నుమూశాడు.

పుస్తకంలో స్వరాలుంటాయి, ఊపిరి ఉండదు. దాన్ని గ్రామఫోను పట్టుకుంది, అదీ అమెరికాలోనే. న్యూయార్క్‌లో రికార్డుల దుకాణం నడిపిన ఎలెన్ ఓబర్న్ డివిట్ అనే ఐరిష్ మహిళ 1916లో కొలంబియా కంపెనీని ఐరిష్ డాన్సు పాటలు రికార్డు చేయమని అడిగింది. కొనేవాళ్లు లేరని వాళ్లంటే, 500 కాపీలు తానే కొంటానని పూచీపడింది. అవి చేతికి వచ్చీ రాగానే అమ్ముడైపోయాయి. ఆ తర్వాత వెనకడుగు వేసిన కంపెనీ లేదు.

లీట్రిమ్‌లో ఆలెన్ సరస్సు దగ్గరి టెంట్స్ అనే పల్లెలో 1880లో పుట్టిన ఫ్లూట్ వాద్యకారుడు జాన్ మెకెన్నా 1909లో అమెరికా వెళ్లాడు. న్యూయార్క్‌లో మంటలార్పే ఉద్యోగం. 1921లో తొలి రికార్డు ఇచ్చాడు, 1937 దాకా ఇస్తూనే ఉన్నాడు. స్లైగో ఫిడిల్ దిగ్గజం జేమ్స్ మోరిసన్‌తో జోడీగా వాయించినవి నాకు అన్నిటికన్నా ఇష్టం. మెకెన్నా స్వరాన్ని సాగదీయడు. ఉఫ్ ఉఫ్‌మని ఊదుతూ, పాటను చిన్న చిన్న ముక్కలుగా ముందుకు తోస్తాడు. గీతలు పడ్డ ఆ పాత రికార్డుల్లోంచి కూడా డాన్సు చేస్తున్న కాళ్ల బరువు తెలుస్తుంది. భార్య చిన్నవయసులోనే పోతే పిల్లల్ని పెంచుతూ, మంటలార్పే పని చేస్తూ ఇవన్నీ వాయించిన మనిషి అతను.

ఆ రికార్డులు ఓడల్లో, చుట్టాలు పంపిన పార్సిళ్లలో ఐర్లండ్ చేరాయి. ఊళ్లో ఒక్క గ్రామఫోను ఉంటే చుట్టుపక్కల వాళ్లంతా అక్కడే. లీట్రిమ్ నుంచి వెళ్లినవాడి ఊపిరి మళ్లీ లీట్రిమ్ పిల్లలకు పాఠమైంది. అరిగ్నా బొగ్గు గనుల్లో పనిచేసిన పాకీ డిగ్నన్ లాంటి తర్వాతి తరం వాద్యకారుల్లో మెకెన్నా ఛాయ స్పష్టంగా వినిపిస్తుంది.

అదే సమయంలో స్వదేశంలో ఈ సంగీతానికి ఊపిరాడని పరిస్థితి వచ్చింది. ఇళ్లలో జరిగే డాన్సుల మీద మతగురువులు కన్నెర్ర చేశారు. 1935లో వచ్చిన డాన్సు హాళ్ల చట్టం బహిరంగ డాన్సుకు కోర్టు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంట్లో ఆడుకునే డాన్సును చట్టం నేరుగా నిషేధించలేదు. కానీ చాలాచోట్ల పాదిరీలు, పోలీసులు ఆ చట్టాన్నే చూపించి వంటింటి డాన్సులను ఆపించారు. ఫ్లూట్, ఫిడిల్ కలిసి పెరిగింది ఆ వంటిళ్లలోనే. దాంతో డాన్సు లైసెన్సున్న హాళ్లకు మారింది. పెద్ద హాలుకు ఒకరిద్దరి వాద్యం చాలదు కాబట్టి పెద్ద బృందాలుగా వాయించే కేలీ బ్యాండ్లు బలపడ్డాయి. పాదిరీలందరినీ ఒకే గాటన కట్టలేం. తూర్పు గాల్వేలో పేరు మోసిన బాలినకిల్ బృందాన్ని 1920ల చివర్లో కూడగట్టింది ఫిడిల్ తెలిసిన ఒక పాదిరీయే. ఆ బృందంలో రెండు ఫ్లూట్లు, రెండు ఫిడిళ్లు పియానోతో కలిసి నడిచే తీరు హడావుడి లేకుండా, మధురంగా ఉంటుంది.

బాలినకిల్ వాడే మైక్ రాఫర్టీ. 1926లో పుట్టాడు. తండ్రి టామ్‌కు చూపు లేదు. ఫ్లూట్‌లో అతని ఊపిరి పీపాలోంచి వచ్చినంత నిండుగా ఉంటుందని ఊరంతా 'బ్యారెల్' అని పిలిచేది. కొడుకు ఆయన దగ్గరే నేర్చుకుని 1949లో అమెరికా వెళ్లాడు. న్యూజెర్సీలో పనీ సంసారమూ చూసుకుంటూ ఏళ్ల తరబడి వాద్యాన్ని పక్కన పెట్టేశాడు. తిరిగి పట్టుకున్నాక మాత్రం ఎందరో అమెరికన్ పిల్లలకు గురువయ్యాడు. 78 ఏళ్ల వయసులో తొలిసారి ఒంటరిగా ఆల్బమ్ ఇచ్చాడు. 2010లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకిచ్చే జాతీయ గౌరవం అందుకున్నాడు, మరుసటేడు పోయాడు.

పబ్బులో గుండ్రంగా కూర్చుని వాయించే 'సెషన్' చూసి అది ఐర్లండ్ పల్లెల్లో అనాదిగా ఉన్నదనుకుంటాం. నిజానికి దాన్ని నిలబెట్టినవాళ్లలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత లండన్‌లో ఇళ్లు, రోడ్లు కట్టడానికి వెళ్లిన ఐరిష్ కూలీలు ముందువరసలో ఉంటారు. అద్దెగదుల్లో వాయిస్తే ఇంటివాళ్లు ఊరుకోరు, కాబట్టి కెంటిష్ టౌన్, హాలోవే పబ్బుల్లో కలిసేవారు. స్లైగో నుంచి వెళ్లిన రోజర్ షెర్లాక్ ఫ్లూట్ అక్కడ మోగింది. ఒకప్పుడు ఇలాంటి ఫ్లూట్లను తాకట్టు కొట్లకు తోసేసిన నగరంలోనే.

ఐర్లండ్‌లో 1951లో మలింగర్ పట్టణంలో సంప్రదాయ సంగీతకారుల సంఘం పుట్టింది. అదే ఏడు మొదటి ఫ్లా క్యోల్ సంగీతోత్సవం జరిగింది. ఆ ఉత్సవంలో జరిగే పోటీలు విని పెరిగిన తరంలో స్లైగోవాసి షేమస్ టాన్సీ, ఫర్మానావాసి కాథల్ మకానెల్, అందరికన్నా దూరం వెళ్లిన మాట్ మలోయ్ ఉన్నారు.

మలోయ్ 1947లో రాస్‌కామన్ జిల్లా బల్లాహడెరీన్‌లో పుట్టాడు. ఆ జిల్లాతో మనకూ ఒక అనుబంధం ఉంది. 1919లో మదనపల్లెలో రవీంద్రుడి 'జనగణమన'కు స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్ అదే జిల్లాలోని బోయల్ పట్టణంలో పుట్టింది. మలోయ్ ఇంట్లో తండ్రి ఫ్లూట్ వాయించేవాడు. బడిలో చిన్న ఫ్లూట్లు, డ్రమ్ముల బ్యాండు ఉండేది. పెద్దయ్యాక డబ్లిన్‌లో విమానాల మరమ్మతు ఉద్యోగం. 1970ల మధ్యలో బాతీ బ్యాండ్‌తో అతను వాయించిన వేగం, 1976లో వచ్చిన సొంత ఆల్బమ్‌లో చూపిన స్పష్టత ఐరిష్ ఫ్లూట్ హద్దులనే మార్చేశాయి. పైపుల క్రాన్‌లను అంత వేగంలోనూ ఒక్కటీ చెదరకుండా పలికించాడు. 1979లో చీఫ్‌టెన్స్ బృందంలో చేరి 1983లో వాళ్లతో చైనా వెళ్లి అక్కడి సంగీతకారులతో కలిసి వాయించాడు. వెస్ట్‌పోర్ట్‌లో అతని పేరుతోనే ఉన్న పబ్బులో సెషన్ వినడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు.

మలోయ్‌ని విన్న పిల్లలు ఫ్లూట్ కావాలన్నారు. ఫ్లూట్లేవీ? పాతవి అరిగి, పగిలి, సగం మీటలు ఊడి ఉన్నాయి. 1970ల నుంచి కొందరు కర్రను మళ్లీ తొలవడం మొదలుపెట్టారు. బెల్‌ఫాస్ట్‌లో సామ్ మరే, కార్క్ జిల్లా కూలేలో హామీ హామిల్టన్, అమెరికాలో పాట్రిక్ ఓల్‌వెల్, ఆస్ట్రేలియాలో టెరీ మెగీ పాత రూడల్ ఫ్లూట్లను, నికల్సన్ పద్ధతిలో పెద్ద రంధ్రాలున్నవాటిని తెచ్చి లోపలి వెడల్పును అంగుళం అంగుళం కొలిచారు. చాలామంది కొత్తవాటికి మీటలు పెట్టనేలేదు. ఆరు రంధ్రాలు చాలన్నది పల్లెవాళ్లు వందేళ్ల కిందటే తేల్చేసిన సంగతి.

మగవాళ్ల వాద్యమన్న పేరూ ఆ దశకాల్లోనే పోయింది. బర్మింగ్‌హామ్‌లో పెరిగిన కాథరిన్ మెకవాయ్ వాద్యంలో రాస్‌కామన్ ఊపిరి ఎంత పట్టుగా ఉంటుందో వింటే తెలుస్తుంది. న్యూయార్క్ అమ్మాయి జోనీ మాడెన్ ఏకంగా ఆడవాళ్ల బృందాన్నే నడిపింది.

ఇప్పుడు కర్రతో చిక్కు వచ్చింది. కోకస్ దాదాపు దొరకడం లేదు. ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా అడవుల బ్లాక్‌వుడ్ వాడుతున్నారు. అది నూకమాను జాతిది కావడంతో 2017 జనవరిలో అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం ఆ కర్రను, దానితో చేసిన వాద్యాలను అనుమతి పత్రాల పరిధిలోకి తెచ్చింది. ఫ్లూట్‌ను సరిహద్దు దాటించి అమ్మాలంటే కాగితాలు కావలసి వచ్చింది. సంగీతకారులు, తయారీదార్లు రెండేళ్లకు పైగా పోరాడాక 2019 నవంబరులో పూర్తయిన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. కర్రకు మాత్రం అనుమతి ఇప్పటికీ తప్పదు. అందుకే కొందరు బాక్స్‌వుడ్‌కు, కొందరు రెసిన్ గొట్టాలకు మారుతున్నారు. రెసిన్ ఫ్లూట్ వానకు ఉబ్బదు, ఎండకు పగలదు, కొత్తగా నేర్చుకునే పిల్లలకు ధర అందుబాటులో ఉంటుంది.

(వచ్చే భాగంలో: గడ్డకట్టిన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఐరిష్ చేపలవాళ్ల అకార్డియన్)